హిల్కా క్లిప్పు

పాక సగం దాటాక గానీ హిల్కాకు గుర్తు రాలేదు, ఈ రోజు గీకాల్సిన పనేమీ లేదని.

ఎడమచేతిలో నీలం బకెట్టు, కుడిచేతిలో చిన్న రేకు పార. ఒక్కో గూటి ముందూ ఆగడం, నిన్నటి దాణా ఎండి అట్టకట్టిన పలకను అటూ ఇటూ గీకడం, ఆ పెచ్చులను బకెట్టులోకి రాల్చడం, పక్కకు ఒక అడుగు వేయడం. ముప్పై ఏళ్ళ పైచిలుకుగా ఆమె పొద్దులన్నీ ఇలాగే మొదలయ్యాయి. బుర్ర ఇంకా నిద్రమత్తులో ఉన్నా చేతులు తమ పని తాము చేసుకుపోయేవి. ఈ రోజూ అలాగే చేసుకుపోయాయి. కానీ నిన్న మధ్యాహ్నం నుంచి దాణా బండిని రోడ్డు మలుపులోనే ఆపేస్తున్నారు. మిగిలిన కాస్తా నక్కలు ఎప్పుడో నాకేశాయి. పలకలు కడిగిన కంచాల్లా ఉన్నాయి. హిల్కా బకెట్టులోకి తొంగి చూసింది. అడుగున ఏమీ లేదు. అయినా అంతదాకా వచ్చాక మధ్యలో ఆపడం ఆమెకు చేతకాలేదు, ఆ వరస పూర్తయ్యేదాకా ఉత్త పలకలనే గీక్కుంటూ పోయింది.

పాక అని పేరేగానీ అది పైకప్పు మాత్రమే. పొడుగ్గా, తలకు తగిలేంత కిందికి వాలిన రేకులు. నడుమ మనిషి నడిచే దారి, దానికి రెండు పక్కలా నడుమెత్తున తీగ గూళ్ళు. పక్కలు రెండూ తెరిచే ఉంటాయి, ఈ వేసవిలో పక్షులు రాకుండా వలలు కట్టారు తప్ప. గాలి బాగా ఆడితేనే బొచ్చు ఒత్తుగా వస్తుందని ఫిన్లాండ్‌లో ఈ తీరాన నక్కలు పెంచే ప్రతివాడూ చెబుతాడు. చలి ఎంత కొరికితే బొచ్చు అంత పెరుగుతుందని కూడా చెబుతారు, కాకపోతే ఆ రెండో మాట బయటి ఊరివాళ్ళు ఉన్నప్పుడు అనరు.

నీలినక్కలంటారు వాటిని. నీలం ఎక్కడా కనబడదు. వేసవిలో బొగ్గుమసి పట్టినట్టుంటాయి, నవంబరు నాటికి తెల్లటి మబ్బు ముద్దల్లా తయారవుతాయి. పెద్ద తోలు కావాలని, ఇంకా పెద్దది కావాలని తరతరాలుగా ఏరి ఏరి పెంచడంతో వాటి చర్మం ఒంటికి సరిపోవడం మానేసి ఎన్నాళ్ళో అయింది. మెడ దగ్గర మడతలు మడతలుగా వేలాడుతుంది. నుదుటి మీది మడతలు జారి కళ్ళమీద పడతాయి, కళ్ళు పుసికట్టి ఎర్రబారతాయి. బరువుకు ముంగాళ్ళు లోపలికి వంగిపోతాయి.

చాలా ఏళ్ళ కింద ఎవరో దొంగతనంగా వచ్చి ఫోటోలు తీసుకుపోయారు. పత్రికలో పడ్డాయి. ఏ ఫారమో, ఎవరిదో రాయలేదు. కానీ పుసికళ్ళ నక్క పక్కన, ఫోటో మూలగా, హిల్కా నీలం బకెట్టు కనిపించింది. దాని పిడికి ఆమె చుట్టిన గుడ్డపేలికతో సహా. కివిపేరా ఊళ్ళో కిరాణా దుకాణంలో ఆ పత్రిక చేతిలో పట్టుకుని నిలబడితే, ఊరంతా తన బకెట్టునే చూస్తోందనిపించి ఆమెకు తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి జేబులో తడిగుడ్డ పెట్టుకుని కళ్ళు తుడవడం మొదలుపెట్టింది. అన్నిటికీ తుడవడం ఎవరి తరమూ కాదు. చేతికి అందినన్నిటికి తుడిచేది. అప్పటినుంచి ఇప్పటిదాకా మానలేదు.

పాక చివర ఆగింది. ఆ మూల గూట్లో ఉంది దొరసాని.

మిగతా నక్కలకు పేర్లు లేవు. దీనికి హిల్కాయే పెట్టింది ఆ పేరు. ఎడమ చెవి కొస కాస్త చిరిగి ఉంటుంది. ఎవరొచ్చినా లేవదు, చెక్క అరుగు మీద పడుకునే కళ్ళు మాత్రం తిప్పి, వచ్చినవాళ్ళను ఎగాదిగా చూసి, మళ్ళీ ముడుచుకుంటుంది. హిల్కా వచ్చినప్పుడు మాత్రం దిగివచ్చి తీగకు ముక్కు ఆనిస్తుంది. ఆ గూటి ముందు తీగకు చెక్కతో చేసిన బట్టల క్లిప్పు ఒకటి తగిలించి ఉంది. దానికి ఎర్ర ఊలు చుట్టి ఉంది.

ఆ క్లిప్పుకో కథ ఉంది. ఈ ఫారం పెట్టిన ఓయివా, అంటే ఇప్పటి యజమాని తపాని తండ్రి, నవంబరు రాగానే తన భార్య బట్టలారేసే తీగ మీది క్లిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని పాకలన్నీ తిరిగేవాడు. పిల్లలు కనడానికి పనికొస్తుందనుకున్న నక్క గూటికి ఒక క్లిప్పు తగిలించేవాడు. క్లిప్పున్నది బతుకుతుంది. లేనిది క్రిస్మస్ లోపు తోలైపోతుంది. ఆ వారమంతా ఓయివా ఇంట్లో తడిబట్టలు కుర్చీల మీదా తలుపుల మీదా ఆరేవి, ఆయన భార్య సణుగుతూనే ఉండేది.

హిల్కా భర్త రెయినో దాణా బండి తోలేవాడు. ఒక నవంబరులో, రోడ్డంతా మంచు గడ్డకట్టిన పొద్దున, బండి బోల్తాపడి పోయాడు. అంత్యక్రియలయ్యాక హిల్కా పనిలోకి వస్తే ఓయివాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. పరామర్శ మాటలు రాని మనిషి. చాలాసేపు టోపీ తీసి పెట్టుకుని, పెట్టుకుని తీసి, చివరకు సంచిలోంచి ఒక క్లిప్పు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీది. నీకు తోచిన గూటికి పెట్టుకో. ఎందుకని నేనడగను" అన్నాడు. మరుసటి ఏడాదీ ఇచ్చాడు. ఆ పైన అది ఆనవాయితీ అయిపోయింది. ఏడాదికి ఒక నక్క హిల్కాది. ఓయివా క్లిప్పులతో కలిసిపోకుండా ఆమె తన క్లిప్పుకు, మేజోళ్ళు అల్లగా మిగిలిన ఎర్ర ఊలు చుట్టింది. ఓయివా పోయాక తపాని కూడా ఆ పద్ధతి మానలేదు.

మొదట్లో ఆ క్లిప్పు ఏటా ఒక గూటినుంచి ఇంకో గూటికి మారేది. ఏది బాగా ముద్దొస్తే దానికి. దొరసానికి పెట్టాక మాత్రం మారలేదు. అది కూనగా ఉన్నప్పుడు, హిల్కా కాఫీ వేళ ఆ మూలన బల్ల వేసుకుని అల్లుకుంటుంటే, కదిలే సూదులనే చూస్తూ కూర్చునేది. అంతకు మించి దానిలో విశేషమేమీ లేదు. తల్లిగా అంతంత మాత్రమే, ఒక ఏడు కాన్పే లేదు. అయినా నవంబరు రాగానే హిల్కా అక్కడిదాకా నడిచేది, క్లిప్పు మీద చెయ్యి వేసేది, తీయలేక వదిలేసి వచ్చేది. దీన్ని తీస్తే ఇంకోటి బతుకుతుందని తెలుసు. తీస్తే ఇది పోతుందని కూడా తెలుసు. ఆ సంగతి అక్కడితో ఆపేసి ఇంటికెళ్ళి స్నానానికి ఆవిరి గది వేడి చేసుకునేది.

ఇప్పుడా క్లిప్పు చెల్లదు. పోయిన వారం కూనలు కొన్ని తలలు ఊపుతూ వణకడం మొదలుపెట్టాయి, గూటి మూలల్లో ఒరిగిపోయాయి. పశువుల డాక్టరు వచ్చి ముక్కుల్లోంచి తడి తీసుకుపోయింది. పక్షుల జ్వరం, అదే బర్డ్ ఫ్లూ, అని తేలింది. రోగమున్నదీ లేనిదీ అని చూడకుండా ఫారంలో ఉన్న నక్కలన్నిటినీ ఈ రోజు చంపాలి. ఆ ఆజ్ఞ రాసినవాళ్ళకు ఎర్ర ఊలు సంగతి ఏం తెలుస్తుంది? తెలిసినా ఏం చేస్తారు?

"వస్తానే" అంది హిల్కా దొరసానితో. "కాఫీ తాగేసి వస్తా."

తపాని దాణా గదిలో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, తండ్రి పోలికే, తండ్రి టోపీయే. గడ్డం మాసింది. హిల్కా పోసిన కప్పు నోటిదాకా తీసుకెళ్ళి మొహం చిట్లించాడు.

"కాఫీయా ఇది, రోడ్డుకేసే తారా?"

"నచ్చకపోతే మీ ఇంటికెళ్ళి తాగరా."

"మా ఇంట్లో ఎవరూ పొయ్యి దగ్గరికే పోలేదు."

హిల్కా సంచిలోంచి ఏలకుల బన్నులు తీసి అతని ముందు పెట్టింది. నిన్న సాయంత్రం కూర్చుని చేసింది. ఇలాంటి రోజుకు బన్నులేమిటని పిండి కలుపుతూ తనకే అనిపించింది, అయినా చేసింది. తపాని ఒకటి తుంచి చేతిలోనే పట్టుకున్నాడు.

"ఇక చాలంది మా ఆవిడ. మళ్ళీ మొదలెడితే తను ఉండదట."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమంటాను? నాకింకో పని రాదన్నాను."

"నాకొచ్చా మరి?"

ఇద్దరికీ నవ్వులాంటిదేదో వచ్చింది గానీ బయటికి రాకుండానే ఆగిపోయింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు మలుపులో తెల్ల బండ్లు వరుసగా ఆగి ఉన్నాయి. తెల్ల సూట్లు తొడుక్కుంటున్న మనుషులు ఒంటికాలి మీద గెంతుతున్నారు.

హిల్కా కప్పు కింద పెట్టింది. ఆ మాట చెప్పాలని వారంగా అనుకుంటోంది.

"తపానీ, ఆ చివరి పాక వల సంగతి..."

"తెలుసు."

"ఏం తెలుసు నీకు?"

"ఎర్ర ఊలు" అన్నాడు తపాని. "కివిపేరా మొత్తంలో వలకి మేజోళ్ళ ఊలుతో కుట్లేసే మనిషి నువ్వు కాక ఇంకెవరు?"

జరిగిందిది. సముద్రం దగ్గరే. వేసవిలో నల్లతల సీగల్ పక్షులు గుంపులు గుంపులుగా ఫారం మీద వాలతాయి. దాణా అంతా చేపల తలలూ కోళ్ళ పేగులూ రుబ్బిన గుజ్జు. వాటికి అంతకన్నా పండగేముంది? ఏటా వచ్చేవే, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈ ఏడు మాత్రం అవి పొలాల్లోనూ ఒడ్డునా కుప్పలుగా చచ్చి పడ్డాయి. పొరుగూళ్ళ ఫారాల నుంచి కబుర్లు వచ్చాక తపాని పరుగున పోయి వలలు తెచ్చి పాకల పక్కలన్నీ మూయించాడు. ఆ తర్వాతొక పొద్దున ఒక పిల్ల సీగల్ వలలో తల దూర్చి చిక్కుకుపోయింది. రెక్కలు కొట్టుకుని కొట్టుకుని నెత్తురు కారుతోంది. హిల్కా చూసి ఉండలేకపోయింది. కత్తెర తెచ్చి ఒక్కో పోగూ కోసింది, అది చేతిమీద పొడుస్తుంటే తొందరలో అక్కర్లేని పోగులూ కోసింది. పక్షి ఎగిరిపోయింది. దాన్ని వదిలేసినందుకు ఆ రోజంతా ఆమెకు ఒళ్ళు తేలిగ్గా ఉంది, ఏదో పాట కూడా కూనిరాగం తీసింది. వలకు కన్నం పడిందన్న మాట మర్నాడు పొద్దున గానీ తట్టలేదు. వచ్చి చూస్తే ఆ పక్క గూళ్ళ మీద తెల్లటి రెట్టలు. గుడ్డతో తుడిచేసి, జేబులో ఉన్న ఊలుతో కన్నం కుట్టేసి, నోరు మెదపకుండా ఊరుకుంది.

"చూసినవాడివి అప్పుడే ఎందుకడగలేదు?" అంది హిల్కా.

"అడిగితే నువ్వు ఉన్నదంతా చెప్పేస్తావు. చెప్పాక నేనేదో ఒకటి అనాలి కదా."

"జబ్బు ఆ కన్నంలోంచే వచ్చిందంటావా?"

తపాని బన్ను ముక్కను వేళ్ళతో నలిపాడు.

"వచ్చుండొచ్చు. రాకపోయుండొచ్చు. వలలు కట్టకముందే వచ్చుండొచ్చు. డాక్టరమ్మను అడిగితే చెబుతుందేమో. నేనైతే అడగను."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది హిల్కాకు. కనీసం తప్పు నీది కాదని ఒక్క అబద్ధం ఆడినా బాగుండేది. తపాని రెండూ చేయలేదు. వాడు చిన్నప్పుడూ అంతే, మోకాలు చీరుకుపోయినా ఏడవకుండా దెబ్బకేసి చూస్తూ కూర్చునేవాడు.

"నాదొకటే మాట" అంది ఆమె లేస్తూ. "దొరసానిని ఆఖర్న ఉంచండి. దాన్ని నేనే తీసుకొస్తాను. వాళ్ళ చేతికివ్వను."

"సరే. చెబుతాను."

పశువుల డాక్టరు ఇలోనా ఫిన్లాండ్ దక్షిణం నుంచి వచ్చిన చిన్న వయసు మనిషి. కళ్ళ కింద నలుపు, ముక్కు మీద మాస్కు ఒరుసుకున్న గీత. రోజూ ఇదే పని మీద ఒక ఫారం తర్వాత ఇంకో ఫారం తిరుగుతోందని తెలుస్తూనే ఉంది. హిల్కాకు తెల్ల సూటు ఆమే తొడిగింది, మణికట్ల దగ్గర టేపు చుట్టింది, ముక్కులో పుల్ల పెట్టి తడి తీసుకుంది. ఇంటికెళ్ళాక జ్వరం వచ్చినా దగ్గు వచ్చినా వెంటనే ఫోన్ చేయమని రెండుసార్లు చెప్పింది.

"బాగున్నవాటిని కూడా ఎందుకమ్మా చంపడం?" అని అడిగింది హిల్కా. జవాబు పత్రికలో చదివింది. అయినా మనిషి నోట వినాలనిపించింది.

"పక్షుల జ్వరం పక్షుల్లోనే ఉంటే మనకు ఇంత భయం ఉండదండీ. ఇవి మనలాగే పిల్లలకు పాలిచ్చే జంతువులు. గూడుకి గూడు ఆనించి ఇన్నిటిని ఒకచోట పెట్టాం. ఒకటి వదిలిన ఊపిరి పక్కది పీలుస్తుంది. అలా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోతూ పోతూ ఆ జబ్బు మన ఒంట్లోకి రావడమెలాగో కూడా నేర్చుకుంటుంది."

"ఎవరు నేర్పుతారు దానికి?"

"ఎవరూ నేర్పక్కర్లేదండీ" అంది ఇలోనా. "ఇలాంటి చోటు చూపిస్తే చాలు."

హిల్కా టేపు చుట్టిన తన చేతులకేసి చూసుకుంది. ఆ చోటు తుడిచింది, గీకింది, దాన్ని చోటుగా నిలబెట్టింది తన చేతులే కదా అనుకుంది.

పని మొదలైంది. వచ్చినవాళ్ళు మొరటువాళ్ళు కారు. అరవడం, విసరడం లేదు. ఒకరు పొడుగు పటకారుతో మెడ పట్టుకుంటారు, ఇంకొకరు కరెంటు కడ్డీలు ఆనిస్తారు, అంతలోనే అయిపోతుంది. కానీ కొత్తవాళ్ళను చూసి నక్కలు గూటి వెనక్కి పోయి నక్కాయి. పటకారు అందక, అవి గిలగిల్లాడుతుంటే చూసి తపాని హిల్కాను ముందు నడవమన్నాడు. నీ గొంతు వింటే ముందుకొస్తాయి, వాటికీ బెదురు తక్కువ అన్నాడు. అది నిజమే. నిజం కాబట్టే ఆమె కాదనలేకపోయింది.

రోజూ నడిచినట్టే నడిచింది. చేతిలో బకెట్టు లేదు గానీ, రోజూ నాలుకతో చేసే ఆ టక్కు టక్కు శబ్దం చేసింది. దాణా అనుకున్నాయేమో, తెలిసిన గొంతు కాబట్టే వచ్చాయేమో, ఒక్కొక్కటే తీగ దగ్గరికి వచ్చి ముక్కులు పెట్టాయి. ఆమె పక్కకు అడుగు వేసేది. వెనక పటకారు వచ్చేది. ఆమె వెనక్కి తిరగలేదు. చేతికి అందిన కళ్ళు తుడిచిన రోజులన్నీ గుర్తొచ్చాయి. అవి నమ్మేలా చేసుకుంది దీనికోసమా అనిపించింది. ఒకచోట ఆగి స్తంభాన్ని పట్టుకుంది. తపాని వచ్చి మోచేయి పట్టుకున్నాడు.

"కూర్చుంటావా?"

"కూర్చుంటే మళ్ళీ లేవను. పద."

పాక వెనక పాకగా అరుపులు తగ్గుతూ వచ్చాయి. ఆ ఊళ్ళో పెరిగినవాళ్ళకు నక్కల అరుపు గాలి చప్పుడులాంటిది, ఉన్నట్టే తెలియదు. మధ్యాహ్నం దాటేసరికి దూరాన ఎవరి పొలంలోనో ట్రాక్టరు తిరుగుతున్న చప్పుడు హిల్కాకు వినిపించింది. ఇక్కడ నిలబడి ట్రాక్టరు వినడం ఇదే మొదటిసారని ఆమెకు తట్టింది.

చివరి పాక కూడా అయింది. మూల గూడు ఒక్కటే మిగిలింది.

దొరసాని అరుగు దిగలేదు. హిల్కా మాస్కూ రబ్బరు చేతితొడుగులూ చూసి ముక్కు ముడిచింది. "నేనేనే, చూడు" అంటూ ఆమె నాలుకతో టక్కు టక్కుమంది. అప్పుడు దిగింది. తలుపు తీసి, రోజూ పట్టే తీరున మెడ మీద ఒక చెయ్యి, తోక మొదట ఒక చెయ్యి వేసి బయటికి తీసింది. తూకం వేయడానికో, మందు వేయడానికో అలా తీసి ఎన్నోసార్లు పట్టుకుంది. ఒళ్ళోకి తీసుకోవడం మాత్రం ఎప్పుడూ లేదు. ఇప్పుడు తీసుకుంది. అనుకున్నదానికన్నా బరువుంది.

ఇలోనా, కడ్డీలు పట్టుకున్న మనిషి, తపాని పాక కొస దగ్గర నిలబడి ఉన్నారు. హిల్కా వాళ్ళ ముందు ఆగింది. ఏళ్ళ తరబడి కాఫీ వేళ మేజోడు అల్లుకుంటూ, ఆ తీగలకేసి చూస్తూ తనలో తాను అనుకున్న మాట ఒకటుంది. ఇప్పుడు నోటితో అనడానికి భయమేసింది. కాదంటే ఏమని బతిమాలాలో కూడా దారంతా మనసులో కూర్చుకుంది.

"డాక్టరమ్మా, దీన్ని ఒక్కసారి నేల మీద నిలబెట్టనిస్తారా? పుట్టాక ఒక్కసారి కూడా నేల తొక్కలేదు."

ఇలోనా ఆమె మొహంలోకి చూసింది, తర్వాత పాకల మధ్య గడ్డిని చూసింది.

"నిలబెట్టండి. జబ్బు పోయేందుకు ఈ మట్టి మీద ఎలాగూ సున్నం చల్లాలి. పట్టు మాత్రం వదలొద్దు."

అంతే. హిల్కా కూర్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఇంత తేలికా ఇది? ఒక మనిషి అడగడం, ఇంకో మనిషి సరేననడం. ఓయివా ఉన్న రోజుల్లో అడిగి ఉంటే పిచ్చిదానివని నవ్వి, పో, నిలబెట్టుకో అని ఉండేవాడు. తపాని అయితే నవ్వను కూడా నవ్వేవాడు కాదు. ఆమెను ఆపినవాళ్ళెవరూ లేరు. ఏ రోజైనా, ఏ కాఫీ వేళైనా, చేతిలో అల్లిక పక్కన పెట్టి చేయగలిగిన పని. ఆమె ఎప్పుడూ అడగలేదు.

నిన్నటి వానకు నేల మెత్తగా ఉంది. గడ్డి మోకాలెత్తు పెరిగింది, అక్కడక్కడా ఊదారంగు పూలు. హిల్కా మోకాళ్ళ మీద కూర్చుని, దొరసానిని నెమ్మదిగా దించి, మెడ మీద చెయ్యి ఉంచి, రెండో చెయ్యి తీసేసింది.

ఆమె ఊహల్లో అది ఎన్నిసార్లు నేల తొక్కిందో. ఊహలో ముందు వాసన చూసేది, తర్వాత ముంగాళ్ళతో తవ్వేది, మూతికి మట్టి అంటించుకుని తలెత్తి చూసేది. ఒక్కోసారి ఆ గడ్డిలో పడి పరుగెత్తేది, ఆమె వెనకాల కేకలేసేది.

దొరసాని పరుగెత్తలేదు. తీగల మీద నిలబడటానికి వేళ్ళు బార చాపుకోవడం అలవాటైన పాదాలు. అవి మట్టిలో దిగబడేసరికి కాలిన పెనం మీద పెట్టినట్టు ఒక్కొక్కటే పైకి లాక్కుంది. ఒకటి లాగితే ఇంకోటి దిగబడుతోంది. పొట్ట నేలకానించి ముడుచుకుపోయింది. ఒళ్ళంతా సన్నగా వణుకుతోంది. గడ్డిపోచ మూతికి తగిలితే ఉలిక్కిపడింది. చూపు మాత్రం ఒక్కదాని మీదే ఉంది. పాక చివర, తలుపు తెరిచి ఉన్న ఆ గూటి మీద. అటువైపు పాకబోయింది, కాళ్ళు సహకరించలేదు. చివరకు వెనక్కి తిరిగి, హిల్కా మోకాళ్ళ మీదికి, అక్కడినుంచి ఛాతీ మీదికి గోళ్ళతో పట్టుకుని ఎగబాకి, ఆమె చంకలో తల దూర్చింది. తెల్ల సూటు గోళ్ళకు చిరిగింది.

హిల్కాకు ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఆ సీగల్‌ను వదిలినప్పుడు ఒళ్ళు తేలికయింది, ఎందుకంటే దానికి పోవడానికి ఆకాశం ఉంది. దీనికేముంది? నేల ఇవ్వడానికి ఇన్నేళ్ళు ఆలస్యం చేసి, ఇప్పుడు తెచ్చి ఇస్తే అది భయపడుతోంది. క్లిప్పు పెట్టి బతికించానని ఏటా మురిసిపోయింది. బతికించింది ఆ తీగల మీద ఇంకో ఏడు, ఇంకో ఏడు నిలబడటానికేనా?

"చాలమ్మా, చాలు. ఇంటికి పోదాం" అంది దాని చెవిలో. ఇల్లన్న మాట ఎలా వచ్చిందో తెలియదు. దానికి తెలిసిన ఇల్లు ఏదో తెలుసు.

ఆమె లేచి గూటిదాకా నడిచింది. దాన్ని లోపల పెట్టలేదు, గూటి ముందే, అది తన అరుగును చూడగలిగేలా ఎత్తి పట్టుకుని నిలబడింది. వణుకు కొంచెం తగ్గింది. కడ్డీల మనిషి చప్పుడు కాకుండా వెనకగా వచ్చాడు. "మీ చెయ్యి కాస్త ఇలా జరపండమ్మా" అని మెల్లగా అన్నాడు. హిల్కా జరిపింది. మరుక్షణం ఆమె చేతుల్లోని బరువు వేరేలా అయిపోయింది. అతను దాన్ని రెండు చేతులా అందుకుని తీసుకుపోయాడు.

సూట్లు విప్పి సంచుల్లో వేశారు. బూట్లు, బకెట్టు, రేకు పార, దాణా గదిలోని బల్ల, బల్ల మీద మిగిలిన బన్నులు అన్నీ అక్కడే ఉండాలి, కాల్చేస్తారట. ఇక్కడి వస్తువేదీ గేటు దాటకూడదని ఇలోనా చెప్పింది. చెబుతూ తల దించుకుంది. కొత్త సూట్లలో మనుషులు రేపు వచ్చి సున్నం చల్లుతారు.

గేటు బయట హిల్కా సైకిలు ఉంది. తపాని అంతదాకా వచ్చాడు.

"రేపు రానా?"

"రేపొచ్చి ఏం చేస్తావు, హిల్కా?"

ఆమె సైకిలు స్టాండు తీసింది. తపాని కూడా తన తండ్రి లాగానే టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఏదైనా ఇద్దామని చూశాడేమో, చేతిలో ఏమీ లేదు.

"ఎప్పుడైనా కాఫీకి రారా" అంది ఆమె. "తారే పోస్తాను."

సైకిలెక్కి వెళ్ళిపోయింది. మలుపు దగ్గర పొలంలో సీగల్ పక్షులు నాలుగు వాలి ఉన్నాయి, ఆమెను చూసి ఎగరలేదు.

సాయంత్రపు వెలుగు ఇంకా చాలాసేపు ఉండే రోజులవి. తెల్ల బండ్లన్నీ పోయాక గాలి చివరి పాకలోంచి అటూ ఇటూ వీచింది. తెరిచిన తలుపులు కొన్ని కొట్టుకున్నాయి. మూల గూట్లో అరుగు మీద కాస్త బూడిదరంగు బొచ్చు అంటుకుని ఉంది. గూటి ముందు తీగను ఎర్ర ఊలు చుట్టిన చెక్క క్లిప్పు ఇంకా గట్టిగా కరుచుకునే ఉంది.